వారానికి ఒక గుణం: రబ్బీ ఇశ్రాయేల్ సలాంటర్

మెకానికల్ ఇంజనీరింగు చదివినవాళ్ళకి పోసెలియే-లిప్కిన్ లింకేజి గుర్తుండే ఉంటుంది. గుండ్రంగా తిరిగే కదలికని కచ్చితమైన సరళరేఖగా మార్చే కడ్డీల అమరిక అది. ఆ లిప్కిన్ గారి తండ్రి గురించి మాత్రం మనలో చాలామందికి తెలియదు. మనిషి నడతలోని వంకర తీయడం ఎలా అన్నదే జీవితమంతా ఆ తండ్రి పట్టుకున్న ప్రశ్న.

ఇశ్రాయేల్ లిప్కిన్ 1810 ప్రాంతంలో, అప్పటి రష్యా సామ్రాజ్యంలో భాగమైన లిథువేనియాలోని జాగరే అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి రబ్బీ, అంటే యూదుల మతగురువు. చిన్న వయసులోనే సలాంట్ అనే ఊరికి చదువుకోవడానికి వెళ్ళారు. ఆ ఊరి పేరుతోనే లోకం ఆయన్ని సలాంటర్ అని పిలిచింది. యూదుల ధర్మశాస్త్రమైన తాల్ముద్‌లో ఆయన దిట్ట. కానీ ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది తరగతి గది కాదు, రబ్బీ జుండెల్ అనే నిరాడంబరుడైన పండితుడు. ఏ పదవీ పట్టనట్టు మామూలు బట్టల్లో తిరుగుతూ, ఊరి బయటికి వెళ్ళి తన మనసుని తానే పరీక్షించుకునేవారు జుండెల్. కుర్ర ఇశ్రాయేల్ చాటుగా వెంట వెళ్ళి గమనించేవాడట. ఒకనాడు అది చూసిన గురువు, నీతిగ్రంథాలు చదివి దైవభీతి గల మనిషివి కమ్మని సలహా ఇచ్చారని చెబుతారు.

ఇక్కడ యూదుల సంవత్సరం గురించి కొంచెం చెప్పుకోవాలి. వాళ్ళ పంచాంగం కూడా మనలాగే చంద్రుణ్ణీ సూర్యుణ్ణీ కలిపి లెక్క కట్టేదే. 19 ఏళ్ళలో 7 సార్లు అధికమాసం వస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో వచ్చే ఎలూల్ నెల ఆత్మపరిశీలనకి కేటాయించిన నెల. విశ్రాంతి దినాల్లో తప్ప ఉదయం ప్రార్థన వేళ పొట్టేలు కొమ్ముతో చేసిన షోఫార్ ఊదుతారు. తరువాత కొత్త సంవత్సరం రోష్ హషానా, పదో రోజున యోమ్ కిప్పుర్. ఆ రోజు దాదాపు 25 గంటలు నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం. మన ఆఫీసుల్లో యూదు సహోద్యోగులు సెలవు పెట్టేది ఈ పండుగలకే. ఉపవాసంతో దేవుడి పట్ల చేసిన తప్పులకి క్షమాపణ దొరకవచ్చు గానీ, సాటి మనిషికి చేసిన తప్పు అతని దగ్గరికి వెళ్ళి సరిదిద్దుకుంటే తప్ప పోదన్నది వాళ్ళ శాస్త్రం.

సలాంటర్‌ని కలచివేసింది పండుగ తరువాత జరిగేది. నలభై రోజులు భయభక్తులతో ఉన్నవాళ్ళే ఆ తరువాత పాత కోపాలకీ, పాత తూనికల మోసాలకీ తిరిగి వెళ్ళిపోయేవారు. తినే తిండిలో చిన్న దోషం ఉందేమోనని వణికే మనిషి, పక్కవాడిని నొప్పించే మాట అనడానికి జంకడం లేదు. తాల్ముద్ అంతా చదవడం కంటే ఒక్క దుర్గుణాన్ని మార్చుకోవడం కష్టమని ఆయన అభిప్రాయం.

1840 ప్రాంతంలో విల్నా నగరానికి (నేటి విల్నియస్) వచ్చి ఆయన మొదలుపెట్టిన ఉద్యమమే ముసర్, అంటే నైతిక శిక్షణ. పండితులకే కాక వ్యాపారులకీ పనివాళ్ళకీ కూడా కాసేపు కూర్చుని తమను తాము చూసుకునే గదులు ఏర్పాటు చేయించారు. నీతిగ్రంథాలని మౌనంగా కాక, గొంతెత్తి రాగయుక్తంగా, మళ్ళీ మళ్ళీ చదవమన్నారు. తెలివికి అందిన విషయం మనసు అడుగుపొరల దాకా దిగాలంటే అదే దారి అని ఆయన నమ్మకం. ఫ్రాయిడ్ పుట్టక ముందు మొదలైన ఆలోచన ఇది.

ఆయన తిరిగి అచ్చు వేయించిన పుస్తకాల్లో మెండెల్ లెఫిన్ 1808లో ప్రచురించిన ఆత్మ జమాఖర్చుల పుస్తకం ఒకటి. అందులోని పద్ధతి బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ది. ఓర్పు, క్రమం, వినయం, మౌనం, సత్యం వంటి 13 గుణాలు. వారానికి ఒక్క గుణం మీదే దృష్టి. ఎక్కడ తప్పామో ఏ రోజుకారోజు పుస్తకంలో గుర్తు పెట్టుకోవాలి. 13 వారాలకి ఒక ఆవృత్తి, ఏడాదికి నాలుగు ఆవృత్తులు, మొత్తం 52 వారాలు. పండుగ నాటి సంకల్పం ఏడాది పొడుగునా నిలవడానికి ఇది ఆసరా.

ఆయన గురించి ఎన్నో కథలున్నాయి. ఒక ఇంట్లో భోజనానికి ముందు చేతులు కడుక్కోవడానికి మరీ కొద్దిగా నీళ్ళు వాడారట. ఎందుకని అడిగితే, ఆ నీళ్ళు మోసుకొచ్చే పనిమనిషి భుజాల మీద తన పుణ్యం సంపాదించుకోలేనన్నారట.

1848లో విల్నాలో కలరా వచ్చింది. రోగుల సేవకి తన శిష్యుల్ని పంపి, విశ్రాంతి దినమైనా సరే అన్ని పనులూ చేయమన్నారు. యోమ్ కిప్పుర్ వచ్చింది. ఉపవాసంతో నీరసించినవాళ్ళని జబ్బు ఇట్టే పట్టుకుంటుందన్న భయంతో, ఆ ఏడు తినండని ప్రజలకి చెప్పారు. ప్రార్థనాలయం వేదిక మీద నిలబడి అందరి ముందూ తానే తిన్నారని కూడా తరతరాలుగా చెప్పుకుంటారు. వివరాల్లో తేడాలున్నాయి గానీ, ఏడాదిలో అతి పవిత్రమైన ఉపవాసం కంటే ప్రాణం ముందని నిలబడినందుకు ఆయన విమర్శలు పడ్డారు.

ప్రభుత్వం పెట్టిన రబ్బీల పాఠశాలలో ఉద్యోగం కాదని విల్నా వదిలి కోవ్నో (నేటి కౌనస్) వెళ్ళారు. 1857లో వైద్యం కోసం జర్మనీ ప్రాంతాలకి వెళ్ళి, మిగిలిన జీవితం చాలావరకు అక్కడే గడిపారు. కొడుకు యోమ్ తోవ్ లిప్‌మాన్ గణితశాస్త్రం వైపు వెళ్ళి సంప్రదాయ జీవితానికి దూరమయ్యాడు. అది తండ్రిని ఎంతో బాధపెట్టింది. ఫ్రెంచి ఇంజనీరు పోసెలియే కనుక్కున్న సంగతి తెలియకుండానే 1871లో అదే లింకేజిని లిప్‌మాన్ కనుక్కున్నాడు. 1876లో మశూచితో చిన్న వయసులోనే పోయాడు. లక్షలమందికి దారి చూపాలనుకున్న తండ్రికి ఈ దుఃఖాన్ని ఏ జమాఖర్చుల పుస్తకమూ సరిచేయలేదు.

సలాంటర్ 1883 ఫిబ్రవరి 2న కోనిగ్స్‌బెర్గ్‌లో (నేటి రష్యాలోని కాలినిన్‌గ్రాడ్) కన్నుమూశారు. ఆయన శిష్యులు లిథువేనియా అంతటా ముసర్‌ని బోధించే పాఠశాలలు నడిపారు. అమెరికాలో ఇప్పటికీ చిన్న చిన్న బృందాలు వారానికొక గుణం పద్ధతిని సాధన చేస్తున్నాయి. ఆఖరి రాత్రి ఆయన పక్కన ఉన్నది ఒక సామాన్యుడైన పరిచారకుడు మాత్రమే. తాను పోయాక శవం పక్కన ఒంటరిగా కూర్చోవడానికి అతను భయపడతాడేమోనని, ఆ చివరి గంటల్లో భయపడవద్దని అతనికి ధైర్యం చెబుతూ గడిపారని అంటారు.