ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్: బస్తర్ ఆదివాసులు కలెక్టర్‌ను కాదని రాజు గుమ్మం ఎందుకు తొక్కేవారు?

1966 మార్చి 25. జగ్దల్‌పూర్ రాజభవనం ఆవరణలో వందల మంది ఆదివాసులు ఉన్నారు. బయట పోలీసులు మోహరించారు. లోపలి నుంచి బాణాలు వచ్చాయని, అందుకే కాల్పులు జరపాల్సి వచ్చిందని ఆ తర్వాత ప్రభుత్వం చెప్పింది. కాల్పులు ఆగేసరికి చనిపోయిన వారిలో బస్తర్ మాజీ రాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ కూడా ఉన్నారు. ఆయన వయసు 36 ఏళ్లు.

మృతులు 12 మంది అన్నది ప్రభుత్వం చెప్పిన లెక్క. అసలు సంఖ్య అంతకు చాలా ఎక్కువని బస్తర్‌లో ఇప్పటికీ అంటారు.

అప్పటికి సంస్థానం విలీనమై 18 ఏళ్లు దాటింది. ఆయనకు రాజ్యం లేదు. రాజుగా గుర్తింపును కూడా కేంద్రం ఐదేళ్ల క్రితమే తీసేసింది. అయినా భూమి తగాదా వచ్చినా, అటవీ గార్డు వేధించినా, పన్ను భారమైనా జనం ఆయన దగ్గరికే వెళ్లేవారు. దైవభక్తి ఇందుకు ఒక కారణం. రెండో కారణం గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. తమ మాట వినే సర్కారీ ఆఫీసు ఏదీ వారికి కనిపించకపోవడమే ఆ కారణం.

ఓరుగల్లుతో చుట్టరికం

బస్తర్ రాజవంశం తమది కాకతీయ వంశమని చెప్పుకుంటుంది. ఓరుగల్లు పతనం తర్వాత ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి ఇక్కడ రాజ్యం స్థాపించాడన్నది వారి కథనం. దంతేవాడలోని 1703 నాటి శాసనం కూడా వంశావళిని ప్రతాపరుద్రుడి సోదరుడితోనే కలుపుతుంది. 2022 జులైలో వరంగల్‌లో కాకతీయ వైభవ సప్తాహం జరిగినప్పుడు ఈ వంశీకుడు కమల్ చంద్ర భంజ్‌దేవ్‌ను అతిథిగా పిలిచింది ఆ చుట్టరికంతోనే.

అయితే ప్రవీర్‌కు ఈ వారసత్వం తల్లి వైపు నుంచి వచ్చింది. తాత రుద్రప్రతాప్ దేవ్‌కు కొడుకులు లేకపోవడంతో కూతురు ప్రఫుల్ల కుమారి దేవి గద్దెనెక్కారు. ఆమె భర్త ఒడిశాలోని మయూర్‌భంజ్ రాజకుటుంబీకుడు. ‘భంజ్‌దేవ్’ అన్న పేరు అటు నుంచి వచ్చిందే.

తాత కాలంలోనే, 1910లో, భూమ్‌కాల్ తిరుగుబాటు జరిగింది. అడవులను రిజర్వు చేయడం, వెట్టిచాకిరీ, బయటి అధికారుల దౌర్జన్యం అందుకు కారణాలు. గుండాధుర్ నాయకుడు. మామిడి కొమ్మలు, ఎర్ర మిరపకాయలు, బాణాలు ఊరి నుంచి ఊరికి చేతులు మారాయి. అదే పిలుపు. తంతి, తపాలా అందని అడవిలో కబురు అంత వేగంగా పాకుతుందని బ్రిటిష్ అధికారులు ఊహించలేదు.

వినడానికి ఒక రోజు

అంతకుముందు 1876లోనూ మురియాలు తిరగబడ్డారు. అప్పుడు ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరోంచ నుంచి డిప్యూటీ కమిషనర్ మెక్‌జార్జ్ వచ్చి సర్దుబాటు చేశాడు. ఆ ఏడాదే మురియా దర్బార్ మొదలైంది. రాజు, అధికారులు ఎదురుగా కూర్చుంటే ఊళ్ల పెద్దలైన మాంఝీలు వచ్చి తమ గోడు చెప్పుకునే సభ అది. తర్వాత అది 75 రోజుల బస్తర్ దసరాలో భాగమైపోయింది.

దసరాకు దంతేశ్వరి అమ్మవారి ప్రధాన పూజారి రాజే. అందుకే మొక్కుకు వచ్చిన మనిషే అర్జీ కూడా తెచ్చేవాడు. గుడి, కచేరీ ఒకే మనిషిలో కలిసిపోయాయి.

ఏడేళ్ల రాజు

ప్రవీర్ 1929 జూన్ 25న పుట్టారు. 1936లో లండన్‌లో శస్త్రచికిత్స తర్వాత తల్లి చనిపోయారు. ఏడేళ్ల వయసులో ఆయన రాజయ్యారు. మైనర్ రాజు కాబట్టి పాలన బ్రిటిష్ అధికారుల చేతుల్లోనే ఉండేది. తండ్రిని వారు బస్తర్‌కు దూరంగా పెట్టారు. తండ్రి దగ్గర లేక, పరాయి సంరక్షకుల నడుమ పెరిగిన ఆయనకు అధికారులంటే నమ్మకం ఎప్పుడూ కుదరలేదు.

1947లో పూర్తి అధికారాలు దక్కాయి. అవి కొన్ని నెలలే నిలిచాయి. బైలాడీలా ఇనుప ఖనిజం మీద నిజాం ప్రభుత్వం కన్నేసిందన్న ఆందోళన అప్పటికే దిల్లీలో ఉంది. ప్రవీర్ భారత్‌లో చేరడానికి సంతకం చేశారు. 1948 జనవరి 1న బస్తర్ సెంట్రల్ ప్రావిన్సెస్‌లో విలీనమైంది. అలా ఏర్పడిన కొత్త జిల్లా వైశాల్యం దాదాపు 39 వేల చదరపు కిలోమీటర్లు, అంటే కేరళ కంటే కాస్త ఎక్కువ. దానికంతటికీ ఒకే జిల్లా కేంద్రం, ఒకే కలెక్టర్.

హక్కు వచ్చింది, కబురు రాలేదు

ఆ దూరం జనానికి ఎంత నష్టం చేసిందో చెట్ల కథ చెబుతుంది. సంస్థానం రోజుల్లో రైతు పొలంలో ఉన్నా టేకు లాంటి విలువైన చెట్లు సర్కారువే. 1950ల మధ్యలో చట్టం మారింది. సొంత భూమిలోని చెట్టు మీద రైతుకే హక్కు వచ్చింది. బస్తర్‌లో దీన్ని మాలిక్ మక్బూజా అంటారు.

చట్టం మారిన సంగతి ఆదివాసి రైతు కంటే ముందు కలప వ్యాపారికి తెలిసింది. తన దొడ్లోని టేకు బజారులో ఎంత పలుకుతుందో రైతుకు చెప్పినవారు లేరు. వ్యాపారులు నామమాత్రపు డబ్బు చేతిలో పెట్టి చెట్లకు చెట్లు నరుక్కుపోయారు. దీంతో అమ్మకానికి కలెక్టర్ అనుమతి ఉండాలంటూ 1956లో మరో చట్టం తెచ్చారు. అయినా మోసం ఆగలేదు. ఈ వ్యవహారం 1990ల చివర్లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

పట్వారీ, అటవీ గార్డు, పోలీసు. ఊరివాళ్లకు తెలిసిన సర్కారు ఈ ముగ్గురే. ముగ్గురూ వసూలుకో, విచారణకో వచ్చేవారే. ఆదేశం వస్తే కోత్వార్ దండోరా వేసేవాడు. ఊరి నుంచి పైకి మాట వెళ్లే దారి మాత్రం లేదు. ప్రవీర్ రాజభవనం ఆ దారి అయింది.

ఓట్ల పెట్టెలో కనిపించిన పట్టు

1952 తొలి లోక్‌సభ ఎన్నికల్లో ప్రవీర్ అండతో ముచాకీ కోసా అనే ఆదివాసి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. 80 శాతానికి పైగా ఓట్లతో కాంగ్రెస్ అభ్యర్థి సుర్తి కిస్టయ్యను ఓడించారు. 1957 నాటికి ప్రవీర్ కాంగ్రెస్‌లో ఉన్నారు. ఆయన జగ్దల్‌పూర్ ఎమ్మెల్యే అయ్యారు. అదే కిస్టయ్య ఈసారి ఎంపీగా గెలిచారు. 1959లో ప్రవీర్ రాజీనామా చేసి బయటికొచ్చారు. 1962లో బస్తర్ లోక్‌సభ స్థానం మళ్లీ స్వతంత్రుడికే, లఖ్మూ భవానీకి దక్కింది.

ఈ పట్టు ప్రభుత్వానికి మింగుడుపడలేదు. 1953లోనే, ఎస్టేటు నిర్వహించే సామర్థ్యం లేదంటూ ఆయన ఆస్తులను కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కిందికి తెచ్చారు. ఆయన ప్రవర్తనలో వింతలు లేవని కాదు. జుట్టు పెంచి సాధువులా ఉండేవారు. డబ్బు విచ్చలవిడిగా పంచేవారు. తనను తాను ఆదివాసుల దేవుడిగా చెప్పుకుంటూ ఇంగ్లిష్‌లో పుస్తకం కూడా రాశారు. భక్తిని రాజకీయ బలంగా మార్చుకున్నారన్న విమర్శ కొట్టిపారేయదగ్గది కాదు. జనం గోడు విన్నారు కానీ, తాను లేకపోయినా పనిచేసే ఏర్పాటును ఆయన నిలబెట్టలేదు.

ఒక ఉత్తర్వుతో మారిన రాజు

1961 ఫిబ్రవరి 11న ప్రవీర్‌ను ముందస్తు నిర్బంధ చట్టం కింద అరెస్టు చేశారు. మరుసటి రోజు రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. ప్రవీర్ ఇక రాజు కాదు, ఆయన తమ్ముడు విజయ్ చంద్ర రాజు.

కాగితం మీద పని పూర్తయింది. ఊళ్లలో మాత్రం ఆ మాట ఎవరూ ఒప్పుకోలేదు. తమకు రాజు, అమ్మవారికి పూజారి అయిన మనిషిని దిల్లీ ఎలా మారుస్తుందన్నది వారికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ప్రయత్నమూ జరగలేదు. మార్చి 31న లోహండీగూడలో ఆయన్ను విడుదల చేయాలంటూ గుమిగూడిన జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు చనిపోయారు. ఏప్రిల్‌లో ప్రవీర్ విడుదలయ్యారు.

బియ్యం దగ్గర తెగిన తాడు

1965లో వానలు లేవు. దేశమంతా తిండిగింజల కొరత. మధ్యప్రదేశ్ ప్రభుత్వం రైతుల నుంచి లెవీ బియ్యం సేకరణను గట్టి చేసింది. తినడానికే చాలని చోట లెవీ ఎలా కట్టాలని ఆదివాసులు అడిగారు. మహిళలు పెద్ద సంఖ్యలో రోడ్డెక్కారు. ప్రవీర్ నిరాహార దీక్షలు చేశారు. ఇదే కాలంలో బైలాడీలా ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు తరలించే రైలు మార్గం పనులు సాగుతున్నాయి. గనికి రైలు వస్తోంది, ఊరికి సమాధానం రావడం లేదు.

ఉద్రిక్తత నెలల తరబడి పెరిగి 1966 మార్చి 25 దాకా వచ్చింది. డి.పి. మిశ్రా అప్పటి ముఖ్యమంత్రి. కాల్పులపై జస్టిస్ కె.ఎల్. పాండే కమిషన్ విచారణ జరిపింది.

చావు కబురును నమ్మని జనం

రాజు చనిపోయారన్న వార్తను చాలామంది నమ్మలేదు. సర్కారు చెప్పేది నిజమని నమ్మే అలవాటు వారికి లేదు. 1970ల మొదట్లో బాబా బిహారీదాస్ అనే వ్యక్తి తానే ప్రవీర్‌నని చెప్పుకుంటూ వస్తే వేల మంది ఆయన వెంట నడిచారు. 1967, 1971 ఎన్నికల్లోనూ బస్తర్ లోక్‌సభ స్థానం స్వతంత్రులకే దక్కింది.

కిష్టారం నుంచి చూస్తే

పాత బస్తర్ దక్షిణపు కొసన, తెలంగాణ సరిహద్దు దగ్గర కిష్టారం ఉంది. ఇక్కడి వారికి సంతన్నా, ఆసుపత్రన్నా చర్ల, భద్రాచలమే దగ్గర. కోయ, దోర్ల మాటల్లో తెలుగు కలిసి ఉంటుంది. 1998లో బస్తర్‌ను విడగొట్టే దాకా ఈ ఊరికి జిల్లా కేంద్రం జగ్దల్‌పూరే. 2012లో సుక్మా జిల్లా ఏర్పడ్డాక ఆఫీసు కొంత దగ్గరైంది.

ఈలోగా ఆ ఖాళీలోకి మావోయిస్టులు వచ్చారు. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక ఎన్నో కుటుంబాలు సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లాకు వలస వెళ్లాయి. లోపలి ఊళ్ల బడులు, రేషన్ దుకాణాలు రోడ్ల పక్కకు మారాయి. 2018 మార్చి 13న కిష్టారం దగ్గర మందుపాతర పేలి 9 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు.

ఇప్పుడు మురియా దర్బార్‌లో రాజు స్థానంలో ముఖ్యమంత్రి కూర్చుంటారు. మాంఝీలు ఏటా దసరాకు వచ్చి తమ ఊళ్ల సమస్యలు చెప్పుకుంటారు. ప్రవీర్ జీవితం చూసినవారికి ఆ సభ వేడుకగా మాత్రమే కనిపించదు. ఇచ్చిన అర్జీకి జవాబు తిరిగి ఊరికి చేరిందా లేదా అన్నదే దాని విలువను తేలుస్తుంది. చేరని రోజుల్లో జనం ఎవరి వైపు నడిచారో బస్తర్ చరిత్ర ఒకటికి రెండుసార్లు చూసింది.