హజ్రత్ ఉమర్ (రజి) - ఒక ఇంటి తగవు

ప్రజల అవసరం పేరుతో ఒకరి ఇంటిని ప్రభుత్వం తీసుకోవచ్చా? ఈ ప్రశ్నకు జవాబు వెదికినప్పుడల్లా మాకు హజ్రత్ ఉమర్ బిన్ ఖత్తాబ్ (రజి) జీవితమే ఎదురవుతుంది.

ఆయన ఖురైష్ తెగలోని బనూ అదీ వంశస్థులు. మొదట ఇస్లాంకు బద్ధ విరోధి, ఆ తరువాత ప్రవక్త (స)కు ఆప్త సహచరుడు. హిజ్రీ 13లో, అంటే క్రీ.శ. 634లో ఖలీఫా అయ్యారు. ఆయన కాలంలో జరిగిన విజయాలు పాఠకులకు తెలిసినవే. మేము చెప్పదలచుకున్నది మదీనాలోని ఒక ఇంటి సంగతి.

హిజ్రీ 17 నాటికి మదీనాలో జనం పెరిగారు. పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూరపు మానుల స్తంభాలతో ఉన్న మస్జిదె నబవీ నమాజీలకు చాలడం లేదు. ఖలీఫా చుట్టుపక్కల ఇళ్ళు కొన్నారు. ప్రవక్త సతీమణుల గదుల జోలికి మాత్రం పోలేదు. ఇక మిగిలింది ప్రవక్త (స) పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి) ఇల్లు. బైతుల్ మాల్ నుండి వెల ఇస్తాము, లేదా మదీనాలో కోరిన చోట స్థలమిచ్చి ఇల్లు కట్టిస్తాము, అదీ కాదంటే ముస్లింల కోసం దానం చేయండి అని ఖలీఫా అడిగారు. అబ్బాస్ (రజి) మూడింటికీ ఒప్పుకోలేదు.

అంతటి పాలకుడు తలచుకుంటే ఆ గోడ ఎంతసేపు నిలుస్తుంది? కానీ ఇద్దరూ కలిసి హజ్రత్ ఉబై బిన్ కఅబ్ (రజి)ని మధ్యవర్తిగా ఎంచుకున్నారు. దావూద్ (అలై) బైతుల్ మఖ్దిస్ నిర్మించబూనినప్పుడు, ఇష్టంలేని మనిషి ఇంటిని అందులో కలపాలనుకుంటే అల్లాహ్ వారించిన వృత్తాంతాన్ని ఉబై (రజి) వినిపించారు. తీర్పు ఖలీఫాకు వ్యతిరేకంగా వచ్చింది. ఆయన తలవంచారు. తన హక్కు నిలబడ్డాక అబ్బాస్ (రజి) ఆ ఇంటిని తానే దానంగా ఇచ్చేశారు.

మరి అదే ఏడాది మక్కాలో జరిగింది వేరు! కాబా చుట్టూ ఇళ్ళు ఒత్తుకుని తవాఫ్‌కు చోటు లేకపోయింది. అమ్మమన్నవారి ఇళ్ళను ఉమర్ (రజి) పడగొట్టించి, వాటి వెలను వారు వచ్చి తీసుకునేవరకు కాబా ఖజానాలో భద్రపరిచారు. పాఠం చెప్పేటప్పుడు పిల్లలు మమ్మల్ని ఇక్కడే నిలదీస్తారు. కాబా ముందునుంచీ ఉంది, ఇళ్ళు తరువాత దాని ముంగిట్లోకి వచ్చాయన్నది ఆయన వాదన. మస్జిద్ జనానికి ఇరుకైతే పక్కనున్న స్థలాన్ని యజమాని కాదన్నా సరే, వెల కట్టి తీసుకోవచ్చని హనఫీ ఫిఖహ్ గ్రంథాలు చెబుతాయి. మాకు తోచేదేమంటే, ఈ రెండు ఘటనల్లోనూ ఖలీఫా ఎవరి ఇంటినీ ఊరికే తీసుకోలేదు. అయినా మదీనా తీర్పును పక్కనపెట్టి మక్కా ఘటననొక్కదాన్నే చూపే పాలకులను మేము నమ్మలేము.

హిజ్రీ 23లో ఫజ్ర్ నమాజులో ఆయన కత్తిపోట్లకు గురయ్యారు. ప్రవక్త (స) పక్కన సమాధి కావాలని ఆయన కోరిక. ఆ గది హజ్రత్ ఆయిషా (రజి)ది. కొడుకు అబ్దుల్లాహ్ (రజి)ని పంపి అనుమతి అడిగించారు. తనను ఖలీఫా అని చెప్పవద్దని, ఉమర్ అని మాత్రమే చెప్పమని ఆదేశించారు. ఆమె ఒప్పుకున్నారు. అయినా, తాను చనిపోయాక జనాజాను గుమ్మం దగ్గర ఆపి మళ్ళీ అడగాలని, ఆమె కాదంటే సామాన్య ముస్లింల శ్మశానానికి తీసుకుపోవాలని చెప్పారు. గుమ్మం దగ్గర మళ్ళీ అడిగారు. ఆమె అనుమతించాకే లోపలికి తీసుకువెళ్ళారు.