మాట నేర్పిన గురువు: ఫాదర్ లొరెంజో మిలానీ

పరీక్షలో రాని సంగతి పిల్లవాడికెందుకు అని మన ఇళ్ళలో అనుకొంటూ ఉంటాం. దినపత్రిక చదివితే కాలం వృథా అంటాం. ఇటలీ దేశంలో ఒక విచారణ గురువు ఇందుకు భిన్నంగా ఆలోచించి, తన జీవితాన్నే ధారపోశారు.

లొరెంజో మిలానీ 1923 మే 27న ఫ్లోరెన్సు నగరంలో కలిగిన కుటుంబంలో జన్మించారు. తల్లి యూదు వంశీయురాలు. ఇంట్లో భక్తి అలవాట్లు లేవు. చిత్రలేఖనం నేర్చుకొన్న ఆ యువకుడు 1943లో దేవుని పిలుపు విని సెమినరీలో చేరారు. 1947లో గురుపట్టం పొందారు.

మొదట శాన్ దొనాతో విచారణలో సహాయ గురువుగా ఉంటూ కార్మిక యువకులకు రాత్రి బడి నడిపారు. ఏ పార్టీ వారినైనా చేర్చుకొన్నారు. ఆయన ముక్కుసూటితనం కొందరికి గిట్టలేదు. 1954 డిసెంబరులో ఆయనను బార్బియానా అనే కొండపల్లెకు పంపారు. రోడ్డు లేదు, కరెంటు లేదు; అక్కడక్కడా కొన్ని రైతు కుటుంబాలు. వెళ్ళిన మరునాడే ఆయన అక్కడి శ్మశానంలో తన సమాధికి స్థలం కొన్నారు. ఆ పేదలను విడిచి పోనని అలా తేల్చి చెప్పారు.

ఆ కొండమీది పిల్లల్లో చాలామంది సర్కారు బడిలో తప్పినవారు. గురువు వారికి తన ఇంట్లోనే బడి పెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం వరకు, సెలవులు లేని బడి అది. పెద్దవారు చిన్నవారికి చెప్పేవారు. ఒకరికి అర్థం కాకపోతే అందరూ ఆగేవారు. రోజూ దినపత్రిక చదివి, తెలియని మాట వచ్చినచోట ఆగి విడమరచుకొనేవారు. పేదవానికి డబ్బుకంటే ముందు మాట కరువని ఆయన నమ్మకం. మాట తెలియనివాడు ఆఫీసులోనూ కోర్టులోనూ తల వంచుకొనే నిలబడతాడు. ఊరి సంగతి, దేశం సంగతి నాకేం పట్టిందనే ధోరణికి ఎదురుగా, నాకు పట్టింది అని అర్థమిచ్చే రెండు ఇంగ్లీషు మాటలను బడి గోడపై రాసిపెట్టారు.

ఆ పత్రికా పఠనమే ఆయనను కోర్టుకెక్కించింది. మనస్సాక్షి ఒప్పక సైన్యంలో చేరని యువకులను పిరికివారని కొందరు మాజీ సైనిక గురువులు 1965లో ప్రకటించారు. ఆ వార్తను తరగతిలో చదివి, చర్చించి, బహిరంగ లేఖతో జవాబిచ్చారు. ఆయనపై కేసు పెట్టారు. కాన్సరుతో మంచం పట్టిన గురువు తన వాదనను న్యాయమూర్తులకు రాసి పంపారు. 1966 ఫిబ్రవరి 15న రోము కోర్టు ఆయనను నిర్దోషి అంది. అప్పీలు తేలకముందే ఆయన కన్నుమూశారు. ఆ యువకుల హక్కును ఇటలీ చట్టం 1972లో గుర్తించింది.

1967 మేలో బార్బియానా విద్యార్థులు ఎనిమిదిమంది కలిసి రాసిన పుస్తకం వెలువడింది. ఒక పంతులమ్మకు లేఖ రూపంలో, బడి పేద పిల్లలను ఎలా వెళ్ళగొడుతున్నదో అందులో నిలదీశారు. తప్పిన పిల్లలే దేశాన్ని ప్రశ్నించారు! ఆ జూన్ 26న, 44వ ఏట, ఫాదర్ మిలానీ ప్రభువునందు నిద్రించారు. బార్బియానాలోని ఆ సమాధి వద్ద 2017 జూన్ 20న ఫ్రాన్సిస్ పోపుగారు ప్రార్థించారు.

తల్లిదండ్రులారా, రాత్రి భోజనాలయ్యాక మీ బిడ్డచేత పత్రికలో ఒక్క వార్త గట్టిగా చదివించండి. తెలియని మాట దగ్గర ఆపండి. ఇది ఎవరు నిర్ణయించారు, ఎవరికి మేలు, ఎవరికి నష్టం అని అడగండి. ఒక ఏడు తప్పాడని వాడిని బడి మాన్పించకండి. రేపు గ్రామసభలో పదిమంది తరఫున లేచి మాట్లాడేది వాడే కావచ్చు.