అడగనిదే అమ్మైనా పెట్టదు

ఈ సంచికకు ఏదైనా రాసి పంపమని విద్యార్థి సంఘం కార్యదర్శి అడిగినప్పుడు ఏం రాయాలో వెంటనే తోచలేదు. హాస్టలు ముచ్చట్లు, మెస్సు సాంబారు మీద జోకులు మాలాంటి పాత విద్యార్థులు ఏటా రాస్తూనే ఉన్నారు. చదివి చదివి మీకూ విసుగు పుట్టి ఉంటుంది. అందుకని ఈసారి మన కాలేజీకి గానీ, మన దేశానికి గానీ ఏ సంబంధమూ లేని ఒక మనిషి కథ చెబుదామనుకుంటున్నాను. ఎందుకు చెబుతున్నానో చివర్లో మనవి చేస్తాను.

కొన్నేళ్ళ క్రితం అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో కొన్నాళ్ళున్నాను. ఒక సాయంత్రం ఫిలడెల్ఫియా శివార్లలోని రాడ్నర్ అనే ఊళ్ళో ఒక ఆటగాడి విగ్రహం కనిపించింది. పేరు ఎమ్లెన్ టనెల్. నేనెప్పుడూ వినని పేరు. మా అల్లుడికీ తెలియదు. కుతూహలం కొద్దీ అక్కడి లైబ్రరీలో పుస్తకాలు తిరగేశాను. ఆ తర్వాత కొన్ని రోజులు నాకు వేరే ధ్యాస లేదంటే నమ్మండి.

ముందుగా ఆ ఆట గురించి నాలుగు మాటలు. అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అనేది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. రెండు కొసలూ సన్నగా ఉండే బంతిని చేత్తో విసిరో, చంకలో ఇరికించుకుని పరుగెత్తో ఎదుటివాళ్ళ గీత దాటించాలి. ఒక్కో పక్క పదకొండు మంది. దాడి చేసేవాళ్ళు వేరు, అడ్డుకునేవాళ్ళు వేరు. అడ్డుకునేవాళ్ళలో అందరికంటే వెనక నిలబడేవాణ్ణి సేఫ్టీ అంటారు. అతన్ని కూడా దాటిపోతే ఇక ఆపేవాడు లేడు. ఎదుటి జట్టు తమవాడికి విసిరిన బంతిని మధ్యలోనే అందేసుకోవడం ఇంటర్‌సెప్షన్. పేరూ, డబ్బూ మాత్రం ఎక్కువగా దాడి చేసేవాళ్ళవే. మన టనెల్ సేఫ్టీ.

1920లలో పుట్టిన ఈ నల్లజాతి కుర్రవాడు రాడ్నర్ ప్రాంతంలోని గ్యారెట్ హిల్‌లో తల్లి పెంపకంలో పెరిగాడు. 1942లో ఒహాయో రాష్ట్రంలోని టొలీడో యూనివర్సిటీలో చేరాడు. చేరిన ఏడాదే ఆటలో మెడ ఎముక విరిగింది. మెడ విరిగినవాడు మళ్ళీ మైదానం మొహం చూస్తాడని ఎవరనుకుంటారు? కానీ కొద్ది నెలలకే అతను అదే యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడాడు. అప్పుడు రెండో ప్రపంచయుద్ధం జరుగుతోంది. మెడ దెబ్బ చూసి సైన్యమూ, నౌకాదళమూ అతన్ని వద్దన్నాయి. చివరికి కోస్ట్ గార్డు తీసుకుంది. అక్కడైనా నల్లవాడికి ఇచ్చిందేమిటి? అధికారుల భోజనశాలలో పని.

ఆ భోజనశాల కుర్రవాడే 1944 ఏప్రిల్‌లో న్యూగినీ తీరంలో ఎటామిన్ అనే ఓడ మీద ఉన్నాడు. జపాను విమానం వేసిన టార్పెడో తగిలి ఓడ అంటుకుంది. ఒంటికి నిప్పంటుకున్న తోటి నావికుణ్ణి టనెల్ వట్టి చేతులతో మంటలార్పి కాపాడాడు. తన చేతులు కాలిపోయాయి. 1946లో కెనడా వైపు న్యూఫౌండ్‌లాండ్ దగ్గర ఇంకొక నావికుడు ఓడ మీదనుంచి జారి గడ్డకట్టే చలినీళ్ళలో పడితే, వెనకే దూకి అతన్నీ బయటికి తెచ్చాడు. ఈ రెంటికీ ఆ రోజుల్లో అతనికి పతకం రాలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

యుద్ధమయ్యాక అయోవా యూనివర్సిటీలో 1946, 47లలో ఆడాడు. అమెరికాలో ప్రొఫెషనల్ జట్లన్నీ ఏటా కూర్చుని, కాలేజీ ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకుంటాయి. దీన్ని డ్రాఫ్ట్ అంటారు. అందులో టనెల్‌ను ఒక్క జట్టూ ఎంచుకోలేదు. ఇంకొక సంగతి కూడా చూడండి. 1934 నుంచి 1945 దాకా నేషనల్ ఫుట్‌బాల్ లీగులో నల్లజాతి ఆటగాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. 1946లోనే ఆ తలుపు కాస్త తెరుచుకుంది. న్యూయార్క్ జెయింట్స్ జట్టయితే అప్పటిదాకా ఒక్క నల్లవాణ్ణీ తీసుకోలేదు.

1948 వేసవిలో టనెల్ చేసిన పని నాకిప్పటికీ ఆశ్చర్యమే. చేతిలో డబ్బు లేదు. దారిలో పోయే బళ్ళను ఆపి ఎక్కుతూ, అరటిపళ్ళ లారీలో న్యూయార్క్ చేరి, తిన్నగా జెయింట్స్ ఆఫీసుకెళ్ళి తనకొక అవకాశం ఇవ్వమని అడిగాడు. సిఫారసు లేదు, ఉత్తరం లేదు, ముందుగా చెప్పిందీ లేదు. జట్టు యజమాని టిమ్ మారాకు ఆ కుర్రవాడి ధైర్యం నచ్చింది. ఇంతదూరం వచ్చి అడిగినవాడికి ఒకసారి చూసే అవకాశం ఇవ్వాల్సిందే అనుకున్నాడట. అలా జెయింట్స్ చరిత్రలో మొదటి నల్లజాతి ఆటగాడయ్యాడు. మొదటి ఏడాదే ఏడు ఇంటర్‌సెప్షన్లు, మరుసటి ఏడు పది!

1950లో కోచ్ స్టీవ్ ఓవెన్ ఒక కొత్త పన్నాగం పన్నాడు. ముందు వరుస చివర్లలో ఉండే ఇద్దరు, అవసరాన్నిబట్టి వెనక్కి తగ్గి బంతి విసిరే దారులు మూసేస్తారు. వెనక నలుగురు విప్పిన గొడుగు అంచులా నిలబడతారు. అందుకే దానికి గొడుగు రక్షణ అని పేరొచ్చింది. ఆ గొడుగు కింద టనెల్‌తోపాటు నిలబడినవాళ్ళలో తర్వాత కోచ్‌గా ప్రసిద్ధికెక్కిన టామ్ లాండ్రీ కూడా ఉన్నాడు. అదే ఏడాది, అంతకుముందు వేరే లీగులో వరసగా నాలుగుసార్లు గెలిచి వచ్చిన క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ను 6-0తో ఓడించారు. ఒక్క పాయింటు కూడా చెయ్యకపోవడం బ్రౌన్స్‌కు అదే మొదటిసారి.

అడ్డుకునేవాడి పని కనబడదంటారు. 1952 లెక్క చూడండి. ఎదుటివాళ్ళు విసిరిన బంతులు అందుకునీ, వాళ్ళు తన్నిన బంతులు తిరిగి తెచ్చీ టనెల్ పరుగెత్తిన దూరం 900 గజాల పైచిలుకు. ఆ ఏడాది లీగు మొత్తమ్మీద, దాడి ఆటలో అందరికంటే ఎక్కువ పరుగెత్తిన డాన్ టౌలర్ చేసింది 894 గజాలే. 1956లో జెయింట్స్ షికాగో బేర్స్‌ను 47-7తో ఓడించి ఛాంపియన్లయినప్పుడు టనెల్ ఆ జట్టులో ఉన్నాడు.

1959లో, జెయింట్స్‌లో సహాయ కోచ్‌గా ఉండిన విన్స్ లొంబార్డీ గ్రీన్‌బే పాకర్స్ జట్టుకు పెద్ద కోచ్‌గా వెళ్తూ టనెల్‌ను కూడా తీసుకున్నాడు. నల్లవాళ్ళు దాదాపు లేని చిన్న ఊరది. అక్కడికొచ్చిన నల్లజాతి కుర్రాళ్ళకు అతను పెద్దన్నయ్య అయ్యాడు. 1960లో చేరిన విల్లీ వుడ్ కూడా డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోనివాడే. అతను జట్లకు ఉత్తరాలు రాసి మరీ అవకాశం అడిగి వచ్చాడు. అతనికి సేఫ్టీ ఆటలో మెళకువలు చూపించినవాడు టనెల్. రెండేళ్ళకే, 1962లో, వుడ్ తొమ్మిది ఇంటర్‌సెప్షన్లతో లీగులో మొదటి స్థానంలో నిలిచాడు. టనెల్ ఆడిన చివరి ఏడాది 1961. ఆ ఏడు పాకర్స్ ఫైనల్లో 37-0తో ఓడించింది ఎవరినో తెలుసా? అతని పాత జట్టు జెయింట్స్‌నే!

పద్నాలుగు సీజన్లలో 79 ఇంటర్‌సెప్షన్లు. ఆ రికార్డును 1979లో పాల్ క్రాస్ 81తో దాటాడు. టనెల్ ఈనాటికీ రెండో స్థానంలోనే ఉన్నాడు.

ఆట మానాక అతను జెయింట్స్ దగ్గరికే తిరిగొచ్చాడు, ఈసారి ఆటగాళ్ళను వెతికే పనిమీద. డ్రాఫ్ట్ జాబితాల్లో తన పేరు లేకపోవడం ఎలా ఉంటుందో ఎరిగినవాడు కదా! నల్లజాతివారి కాలేజీలకు కూడా వెళ్ళి ప్రతిభ ఎక్కడుందా అని చూశాడు. 1960ల నడిమికి పూర్తికాలపు సహాయ కోచ్ అయ్యాడు. ఆ లీగులో అలాంటి ఉద్యోగం పొందిన మొదటి కొద్దిమంది నల్లజాతివాళ్ళలో అతనొకడు. 1965లో డ్రాఫ్ట్ పదమూడో విడతలో కార్ల్ లాక్‌హార్ట్ అనే సన్నపాటి కుర్రవాడు వచ్చాడు. ఎదుటివాళ్ళను వదలకుండా పట్టుకుని ఉంటున్నాడని టనెల్ అతనికి సాలీడు అని ముద్దుపేరు పెట్టాడు. ఆ సాలీడు పదకొండేళ్ళపాటు జెయింట్స్ వెనక వరుసను కాపాడాడు.

పెద్ద కోచ్ పదవి మాత్రం టనెల్‌కు దక్కలేదు. 1920లలో ఫ్రిట్జ్ పొలార్డ్ తర్వాత ఆ లీగులో మళ్ళీ ఒక నల్లజాతి పెద్ద కోచ్ రావడానికి 1989 దాకా పట్టింది. అడిగితే తెరుచుకునే తలుపులు కొన్ని, అడిగినా తెరుచుకోనివి కొన్ని. ఇది దాచిపెట్టి కథ చెప్పడం న్యాయం కాదు.

1967లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. ఆ గౌరవం పొందిన మొదటి నల్లజాతివాడూ, కేవలం అడ్డుకునే ఆటతో ఆ గౌరవం సంపాదించిన మొదటివాడూ అతనే. 1975 జూలైలో జెయింట్స్ వేసవి శిబిరంలో ఉండగానే గుండె ఆగి పోయాడు. యాభై దాటీ దాటని వయసు. ఇక ఆ పతకం సంగతి. ప్రాణాలు కాపాడినందుకు ఇచ్చే వెండి పతకం 2011లో, అతను పోయిన ముప్ఫై ఆరేళ్ళకు వచ్చింది. 2021లో కోస్ట్ గార్డువాళ్ళు ఒక నౌకకు అతని పేరు పెట్టారు. ఒకనాడు అతనికి భోజనశాల పని ఇచ్చినవాళ్ళే!

ఇప్పుడు, ఈ కథ ఎందుకు చెప్పానో మనవి చేస్తాను. మన కాలేజీలో చదివే రోజుల్లో నేనూ ఫుట్‌బాల్‌లో బ్యాక్ ఆడేవాణ్ణి. మన ఫుట్‌బాల్ లెండి. ఫైనలియర్‌లో యూనివర్సిటీ జట్టు ఎంపికలకు పేర్లు నోటీసు బోర్డులో పెట్టారు. నా పేరు లేదు. పిలుస్తారేమోనని వారం రోజులు ఆ బోర్డు ముందే తచ్చాడాను. ఫిజికల్ డైరెక్టర్ గారి గది నాలుగడుగుల దూరంలోనే ఉండేది. వెళ్ళి నన్నూ ఒకసారి చూడండి సార్ అని అడిగితే కాదనేవారేమో, అవుననేవారేమో. నామోషీ అనిపించి అడగలేదు. అడక్కుండానే మానేశాను. తర్వాత చాలాకాలం, నన్ను ఎంచుకోలేదని అందరితో చెప్పుకుంటూ వచ్చాను. ఆ విగ్రహం ముందు నిలబడ్డాకగానీ నిజం నా నోటికి రాలేదు.

అడగనిదే అమ్మైనా పెట్టదని మనకో సామెత ఉంది. టనెల్ అరటిపళ్ళ లారీలో వెళ్ళి అడిగాడు. అడిగి లోపలికి వెళ్ళినవాడు అక్కడే కూర్చోలేదు, తన వెనకాలవాళ్ళను వెతుక్కుంటూ మళ్ళీ బయటికొచ్చాడు. మిత్రులారా, ఈ ఏడాది నోటీసు బోర్డులో మీ పేరు లేకపోతే ఆ గది తలుపు తట్టండి. రేపు ఆ గదిలో మీరే కూర్చుంటే, బోర్డు ముందు తచ్చాడే కుర్రాణ్ణో, అమ్మాయినో లోపలికి పిలవండి.