చదువు రాని పిల్లవాడు

బడులు తెరిచిన కొద్ది వారాలకే కొందరు తల్లిదండ్రులు గురువు దగ్గరకు వచ్చి, మా వాడికి చదువు అబ్బదు, ఏదైనా పనిలో పెట్టేస్తాం అంటారు. అలాంటి వారికి నేను ఒక పునీతుని జీవితం చెబుతుంటాను. ఈ వారం మీకూ అదే చెప్పదలచాను.

ఆయన పేరు మార్సెలిన్ షాంపన్యా. ఫ్రాన్సు దేశంలో లియోన్ నగరానికి నైరుతి దిక్కున, కొండల నడుమ ఉన్న మార్ల్ విచారణలో 1789 మే 20న ఒక రైతు ఇంట జన్మించాడు. అదే ఏడు ఫ్రెంచి విప్లవం చెలరేగింది. మఠాలు మూతపడ్డాయి. మఠం నుండి వెళ్లగొట్టబడిన మేనత్త లూయిస్ ఆ ఇంటికే చేరి, పసివానికి ప్రార్థనలు నేర్పింది, అక్షరాలు దిద్దించబోయింది. చదువు అంతంత మాత్రంగానే వచ్చింది.

తరువాత బడికి పంపారు. మొదటి రోజునే పంతులు మార్సెలిన్‌ను చదవమని పిలిచాడు. ఇంతలో మరొక పిల్లవాడు ముందుకు తోసుకు రాగా, పంతులు వానిని చెంపమీద కొట్టాడు. దెబ్బ తగిలింది ఆ పిల్లవానికి, గాయపడింది మార్సెలిన్ మనస్సు. మరి ఆ బడి గడప తొక్కనన్నాడు. గొర్రెలు కాచుకుంటూ, పొలం పనులు చేసుకుంటూ పెరిగాడు.

పద్నాలుగేళ్ల ప్రాయంలో, గురుజీవితానికి పిల్లల కోసం వెతుకుతూ ఒక గురువు ఆ ఇంటికి వచ్చాడు. దేవుని పిలుపు హృదయాన్ని తాకింది. కాని సరిగా చదవడమే రాదాయె! ఉపాధ్యాయుడైన బావగారి దగ్గర ఉంచారు. ఈ కుర్రవాడు చదువుకు పనికిరాడని బావగారు తేల్చేశారు. అయినా 1805లో వెరియేర్ చిన్న గురువిద్యాలయంలో చేరాడు. ఏడాది తిరిగేసరికి, ఇక రావద్దని అక్కడా చెప్పారు.

అప్పుడు తల్లి ఏం చేసిందో గమనించండి. కొడుకును తిట్టలేదు. అతనితో కలిసి లా లూవెలోని పునీత జాన్ ఫ్రాన్సిస్ రెజిస్ పుణ్యక్షేత్రానికి కాలినడకన వెళ్లింది. విచారణ గురువును ఆశ్రయించింది. మార్సెలిన్‌ను మళ్లీ చేర్చుకున్నారు. అతడు పట్టుదలతో చదివి, 1816 జూలై 22న గురువుగా అభిషిక్తుడయ్యాడు.

లా వల్లా విచారణలో సహాయ గురువుగా ఉండగా, అదే ఏడు అక్టోబరులో, మరణశయ్యపై ఉన్న ఒక బాలుని దగ్గరకు పిలుపు వచ్చింది. ఆ బాలునికి దేవుడంటే ఎవరో తెలియదు. రెండు గంటలు పక్కన కూర్చుని ఉపదేశించి, ఆత్మను సిద్ధపరచాడు. బాలుడు ఆ దినమే కన్నుమూశాడు. పల్లె పిల్లలకు బోధించేవారు కావాలన్న తపన ఇక ఆయనను నిలువనీయలేదు. 1817 జనవరి 2న ఇద్దరు యువకులతో మరియ సహోదరుల సభను ప్రారంభించారు. ఆ ఇద్దరిలో ఒకరు మాజీ సైనికుడు. అతనికి చదవడం రాదు! మార్సెలిన్ గారే అతనికి చదువు నేర్పారు.

మరొక సంగతి. ఆ రోజుల్లో హల్లులను వాటి పేర్లతో పలికించి, పదాలు కూర్పించేవారు. మన పిల్లవాడు ఇంగ్లీషులో సి, ఏ, టి అని పలికితే ఆ మూడు పేర్లూ కలిసి క్యాట్ అని వినబడవు కదా! అదే చిక్కు అక్కడా. అక్షరాన్ని దాని ధ్వనికి దగ్గరగా పలికించే కొత్త పద్ధతిని ఆయన చేపట్టారు. పాత అలవాటు వీడలేని సహోదరులు అభ్యంతరం చెప్పినా, పిల్లలకు సులువైనదే ఉంచారు. కొట్టి చెప్పడాన్ని ఆయన సహించలేదు. ముందు పిల్లలను ప్రేమించాలి, ఆ తరువాతే బోధించాలి అన్నది ఆయన నియమం.

1840 జూన్ 6న ఆయన మరణించేనాటికి 48 బడులు, సుమారు 280 మంది సహోదరులు ఉన్నారు. 1999 ఏప్రిల్ 18న రెండవ జాన్ పాల్ పోపుగారు ఆయనను పునీతునిగా ప్రకటించారు.

ప్రియ పాఠకులారా, ఇంకా రాకపోవడం వేరు, ఎన్నటికీ రాకపోవడం వేరు. విత్తనంలో చెట్టు కనబడదు, అయినా ఉంది. ఆ బావగారు చూసింది విత్తనాన్ని మాత్రమే. మీ ఇంట తడబడుతూ చదివే బిడ్డ ఉంటే, నలుగురిలో మొద్దు అనకండి. పక్కింటి పిల్లలతో పోల్చకండి. రాత్రి జపమాల అయ్యాక పావుగంట పక్కన కూర్చోబెట్టుకుని, నాలుగు వాక్యాలు చదివించండి. తప్పు చదివితే మెల్లగా సరిదిద్దండి. మీకు చదువు రాకపోతే, వాడు చదువుతుంటే వినండి. బడికి వెళ్లి, ఎక్కడ చిక్కుకుంటున్నాడో ఉపాధ్యాయుని అడగండి. ఆ తల్లి నడిచినంత దూరం మనం నడవనక్కరలేదు. బిడ్డ పక్కకు నడిస్తే చాలు.