సూరి భగవంతం

సూరి భగవంతం (అక్టోబరు 14, 1909 - ఫిబ్రవరి 6, 1989) ప్రముఖ భౌతిక శాస్త్రవేత్త, విద్యావేత్త. స్ఫటికాల సౌష్ఠవానికీ, వాటి భౌతిక ధర్మాలకూ గల సంబంధంపై ఈయన చేసిన కృషి ప్రసిద్ధమైనది.

బాల్యం, విద్య

ఈయన కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించాడు. హైదరాబాదులోని నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా వెళ్ళి సి.వి.రామన్ వద్ద పరిశోధకునిగా చేరాడు.

పరిశోధనలు

1929లో నాఫ్తలీన్ స్ఫటికాల అయస్కాంత ధర్మాలపై వ్యాసం ప్రచురించాడు. మార్కాపురం పలకరాయి వలె ఈ స్ఫటికం కూడా పొరలుగా చీలుతుంది. దాని అయస్కాంత గుణం అన్ని దిశలలోనూ ఒకే విధంగా ఉండదు. అణువుల అమరికే అందుకు కారణం.

1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరాడు. టి.వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతంపై రచించిన గ్రంథం 1948లో వెలువడింది. స్ఫటికం యొక్క సౌష్ఠవం తెలిస్తే, దానిలో ఏ ధర్మాలు సాధ్యమో, ఏవి అసాధ్యమో ప్రయోగానికి ముందే చెప్పవచ్చునని ఈ పద్ధతి నిరూపిస్తుంది.

సాధారణ స్ఫటిక వర్గాలు 32. పరమాణువుల స్పిన్ దిశలను కూడా లెక్కలోకి తీసుకుంటే వర్గాలు మొత్తం 122 అవుతాయి. పి.వి.పంతులుతో కలిసి 1964లో భగవంతం ఈ అయస్కాంత సౌష్ఠవాన్ని పరిశీలించాడు. 1966లో స్ఫటిక సౌష్ఠవంపై మరొక గ్రంథం ప్రచురించాడు.

పదవులు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షునిగా (1952-57), బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకునిగా (1957-62), రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా (1961-69) పనిచేశాడు. 1964, 1966 నాటి రచనలు ఈ చివరి బాధ్యతలో ఉండగా వెలువడినవే.

ప్రాముఖ్యత, పరిమితి

భగవంతం పద్ధతి క్రమబద్ధమైన స్ఫటికాలకు వర్తిస్తుంది. త్రిభుజాకార పొరలలో పొరుగు స్పిన్‌లు పరస్పరం వ్యతిరేక దిశలలో ఉండగోరితే, మూడింటి కోరికా ఒకేసారి తీరదు. దీనినే ఫ్రస్ట్రేషన్ అంటారు. అటువంటి పదార్థంలో కొన్ని అయస్కాంత పరమాణువుల స్థానంలో అయస్కాంతత్వం లేనివి చేరితే, స్థానికంగా సౌష్ఠవం చెదురుతుంది. స్పిన్‌లు క్రమం లేకుండా గడ్డకట్టి స్పిన్ గ్లాస్‌గా మారవచ్చు. ఇక్కడ సౌష్ఠవం ఒక్కటే సమాధానం చెప్పలేదు. అయితే క్రమరాహిత్యం దేనిని చెరిపిందో గుర్తించడానికి, చెదరని స్ఫటికంలో ఏమి ఉండాలో ముందు తెలియాలి. ఆ లెక్కకు భగవంతం గ్రంథాలు తోడ్పడతాయి.