లింకన్‌కి కాపలా కాసిన పీపాల వడ్రంగి



టెన్త్ అయ్యాక ఏమవుతారని మన హాస్టల్లో ఎవర్ని అడిగినా చాలామంది పోలీసు అంటారు, లేకపోతే మిలటరీ అంటారు. ఈమధ్య కమాండో అనే మాట కూడా వినబడుతోంది. నల్ల డ్రెస్సు, నల్ల కళ్ళద్దాలు, చేతిలో తుపాకి. సినిమాల్లో అంతే చూపిస్తారు మరి. గోడపత్రికలో ఈసారి జీవితచరిత్ర రాసే వంతు నాది కాబట్టి, ఆ పని మొదట్లో చేసినవాళ్ళలో ఒకాయన గురించి రాస్తున్నాను. ఆయన పేరు అలన్ పింకర్టన్. నల్ల డ్రెస్సూ లేదు, కళ్ళద్దాలూ లేవు. అసలు వృత్తి పీపాలు చేయడం.

లింకన్ గురించి మనమంతా చదివాం. కర్రదుంగల ఇంట్లో పుట్టాడనీ, బానిసల్ని విడిపించాడనీ తెలుసు. ఆయన ప్రెసిడెంటుగా ప్రమాణం చేయకముందే చంపాలని కొందరు కాచుకున్నారనీ, ఒక రాత్రి రైల్లో ఆయన్ని దొంగచాటుగా ఊరు దాటించారనీ మాత్రం చాలామందికి తెలీదు. దాటించింది ఈ పింకర్టనే.

ఈయన 1819లో స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టాడు. గోర్బల్స్ అని బీదవాళ్ళ పేట. చిన్నతనంలోనే బడి మానేసి పనిలో చేరాడు. ఆ రోజుల్లో అక్కడ కూలీనాలీ చేసుకునేవాళ్ళకి ఓటు లేదు. మాకూ ఓటు కావాలని చార్టిస్టులు అనేవాళ్ళు పెద్ద ఉద్యమం నడిపారు. పింకర్టన్ కూడా అందులో తిరిగాడు. 1842లో కొత్తగా పెళ్ళయిన భార్య జోన్‌తో ఓడెక్కి అమెరికా వైపు వెళ్ళిపోయాడు. ఈయన కూలీల పక్షాన నిలబడ్డవాడు అన్న సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

చికాగోకి 60 కిలోమీటర్ల దూరంలో డండీ అనే చిన్న ఊళ్ళో పీపాల దుకాణం పెట్టాడు. పీపా చుట్టూ పట్టీ వేయాలంటే వంగే కర్ర కావాలి. దాన్ని కొనకుండా దగ్గర్లోని నది మధ్య లంకలో తానే నరుక్కునేవాడు. ఒకరోజు అక్కడ నిప్పు వేసిన గుర్తులు, మనుషులు తిరిగిన జాడలు కనబడ్డాయి. ఎవరూ కాపురముండని చోట నిప్పు ఎందుకు వేశారు? మన తాతలు అడవిలో అడుగుజాడ చూసి ఏ జంతువు ఎప్పుడు పోయిందో చెప్పేస్తారు కదా, ఈయనదీ అదే చూపు. రాత్రిపూట వెళ్ళి దాక్కుని చూశాడు. అది దొంగ నాణేలు పోసేవాళ్ళ అడ్డా. షెరీఫుకి, అంటే అక్కడి పోలీసు అధికారికి చెప్పి పట్టించాడు. దాంతో ఊళ్ళో పేరొచ్చి, కొన్నాళ్ళకి ఆ జిల్లా షెరీఫుకి సహాయకుడయ్యాడు. 1849లో చికాగో పోలీసుల్లో మొదటి డిటెక్టివుగా చేరాడు. ఆ తర్వాత సొంతంగా డిటెక్టివు కంపెనీ పెట్టాడు. బోర్డు మీద తెరిచి ఉన్న కన్ను బొమ్మ, మేం నిద్రపోము అని అర్థమొచ్చే మాట. ఎక్కువ పని రైల్వే కంపెనీలదే. రైళ్ళలో డబ్బు, పార్సిళ్ళు పోకుండా చూడటం.

ఈయనలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. పారిపోయి వచ్చిన బానిసలకు ఆయన తన ఇంట్లోనే చోటిచ్చేవాడు. 1850 నాటి చట్టం ప్రకారం అది నేరం. 1859లో జాన్ బ్రౌన్ అనే ఆయన బానిసల్ని విడిపించి తీసుకొస్తే, పింకర్టన్ డబ్బు చందా వేయించి, రైలు ఏర్పాటు చేసి, వాళ్ళు కెనడా చేరుకునేందుకు సాయం చేశాడు. దొంగల్ని పట్టడమే పనిగా ఉన్నవాడు, రాత్రయితే చట్టాన్ని కాదని మనుషుల్ని దాచాడన్నమాట.

ఆడపిల్లలు ఇక్కడ జాగ్రత్తగా చదవండి. 1856లో కేట్ వార్న్ అనే యువతి ఆయన ఆఫీసుకి వచ్చింది. భర్త చనిపోయాడు. లెక్కలు రాసే పని కోసం వచ్చిందనుకున్నాడు పింకర్టన్. ఆమె డిటెక్టివు పనే కావాలంది. మగవాళ్ళు పోలేని చోటికి ఆడవాళ్ళు పోగలరనీ, ఇంటి ఆడవాళ్ళ దగ్గర మగవాడు రాబట్టలేని సంగతి తాను రాబట్టగలననీ వాదించింది. ఆయన ఒక రాత్రి ఆలోచించి మర్నాడు చేర్చుకున్నాడు. అప్పటికి అమెరికాలో పోలీసుల్లో కూడా ఆడవాళ్ళు లేరు. అలబామాలో ఒక పార్సిల్ కంపెనీ ఉద్యోగి 40 వేల డాలర్లు కాజేస్తే, కేట్ అతని భార్యతో స్నేహం కట్టి, డబ్బు దాచిన చోటు తెలుసుకుంది. దాదాపు మొత్తం డబ్బు దొరికింది. తర్వాత ఆడ డిటెక్టివులకు ఆమే పెద్ద అయ్యింది.

ఇక లింకన్ సంగతి. 1860 నవంబర్లో ఎన్నిక గెలిచాడు. 1861 మార్చి 4న వాషింగ్టన్‌లో ప్రమాణం. ఫిబ్రవరి 11న సొంత ఊరు స్ప్రింగ్‌ఫీల్డు నుంచి రైల్లో బయల్దేరాడు. ఏ ఊరికి ఎన్ని గంటలకు వస్తాడో పేపర్లలో ముందే వేసేశారు. ప్రజలు చూడాలి కదా మరి. కానీ చంపేవాడు కూడా అదే పేపరు చదువుతాడు.

దారిలో బాల్టిమోర్ ఊరుంది. అది బానిసలు ఉన్న రాష్ట్రం, లింకన్ అంటే అక్కడ చాలామందికి మంట. ఇంకో చిక్కు ఏంటంటే, ఉత్తరం నుంచి వచ్చే రైలు ఒక స్టేషన్లో ఆగితే, వాషింగ్టన్ రైలు ఇంకో స్టేషన్లో ఎక్కాలి. మధ్యలో ఊరి వీధులగుండా బండి మీద పోవాలి. లింకన్ అక్కడికి వచ్చేది పట్టపగలు, జనం నిండుగా ఉన్నప్పుడు. కాపలా పని చేసేవాళ్ళు ముందు చూసేది తుపాకిని కాదు. మనిషి ఎక్కడ దిగుతాడు, ఎక్కడ ఎక్కుతాడు, ఆ మధ్యలో ఎంతసేపు ఎవరికి దొరుకుతాడు అన్నది చూస్తారు.

ఆ దారి రైల్వే కంపెనీ అధ్యక్షుడు ఫెల్టన్, తన వంతెనలు ఎవరైనా తగలబెడతారేమో అని భయపడి పింకర్టన్‌ని పిలిపించాడు. పింకర్టన్ బాల్టిమోర్లో షేర్ల వ్యాపారి వేషంలో ఆఫీసు తెరిచాడు. కేట్ దక్షిణాది గొప్పింటి ఆవిడలా నటించి అక్కడి ఆడవాళ్ళలో కలిసిపోయింది. మిగతా మనుషులు సారా కొట్లలో, కవాతు చేసే కుర్రాళ్ళ గుంపుల్లో చేరారు. వాళ్ళ చెవిన పడింది వంతెనల మాట కాదు, లింకన్‌ని చంపే మాట. ఫెర్రాండిని అని ఒక పెద్ద హోటల్లో క్షవరం చేసేవాడు, వాడి చుట్టూ చేరినవాళ్ళు. స్టేషన్ దగ్గర ఒక గుంపు కొట్లాట మొదలుపెడుతుంది, ఉన్న కొద్దిమంది పోలీసులూ అటు పరుగెత్తుతారు, ఇటు పని అయిపోతుంది. ఇదీ పథకం అని పింకర్టన్‌కి తెలిసింది.

ఫిబ్రవరి 21 రాత్రి ఫిలడెల్ఫియాలో లింకన్‌కి చెప్పాడు. అప్పుడే బయల్దేరమన్నాడు. లింకన్ ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున అక్కడ జెండా ఎగరేస్తానని, హారిస్‌బర్గులో సభకి వస్తానని మాట ఇచ్చేశాడు. అదే రాత్రి వాషింగ్టన్ నుంచి ఇంకో మనిషి, సెవార్డు గారి కొడుకు, ఉత్తరం పట్టుకొచ్చాడు. వేరే డిటెక్టివులు, పింకర్టన్‌తో సంబంధం లేనివాళ్ళు, ఇదే సంగతి కనిపెట్టారు. ఇద్దరు వేర్వేరుగా ఒకే మాట చెప్పేసరికి లింకన్ మెత్తబడ్డాడు. సభలయ్యాక మీరు చెప్పినట్టు వస్తానన్నాడు.

22 సాయంత్రం హారిస్‌బర్గులో భోజనం మధ్యలో లేచి, మెత్తటి టోపీ పెట్టుకుని, శాలువా కప్పుకుని ఒకే పెట్టె ఉన్న రైలెక్కాడు. వెంట లామన్ అనే స్నేహితుడు ఒక్కడే. ఆ ఊరి నుంచి పోయే తంతి తీగలు తెంపించేశారు, సంగతి ముందుకు పాకకుండా. రాత్రి పదిన్నర దాటాక ఫిలడెల్ఫియాలో మామూలు ప్రయాణీకుల రైలు. దాని చివరి పెట్టెలో కేట్ వార్న్ జబ్బుపడ్డ తమ్ముడి కోసమని బెర్తులు తీసుకుని ఉంచింది. ఆ తమ్ముడే లింకన్. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, కాళ్ళు చాపుకోవడానికి బెర్తు చాలలేదట. పింకర్టన్ పెట్టె వెనక వసారాలో నిలబడ్డాడు. దారిలో వంతెనల దగ్గర పెట్టిన మనుషులు లాంతరు చూపిస్తే అంతా క్షేమం అని గుర్తు.

తెల్లవారుజామున మూడున్నరకు బాల్టిమోర్. ఊరు నిద్రపోతోంది. ఆ రైలు పెట్టెను గుర్రాలు కట్టి వీధుల్లో ఇంకో స్టేషన్‌కి లాక్కెళ్ళారు. అక్కడ రావాల్సిన రైలు ఆలస్యం. లోపల లింకన్, బయట చీకటి, చేసేదేం లేదు, ఎదురుచూడటమే. ఈ కథ మొత్తంలో నాకు ఒళ్ళు జలదరించింది ఈ ముక్క దగ్గరే. ఒక్క తుపాకీ పేలలేదు. ఆరు గంటలకు వాషింగ్టన్‌లో దిగాడు. పింకర్టన్ తంతిలో రహస్యపు పేర్లు వాడి మిగతావాళ్ళకు తెలిపాడు. అందులో లింకన్ పేరు గింజలు, తన పేరు రేగుపండు లాంటి ఒక పండు.

తర్వాత ఏమైందో తెలుసా? అందరూ నవ్వారు. ప్రెసిడెంటు ముసుగు వేసుకుని పారిపోయి వచ్చాడని పేపర్లలో బొమ్మలు వేశారు. దొంగచాటుగా వచ్చినందుకు లింకనే తర్వాత బాధపడ్డాడు. కుట్ర చేశారని ఒక్కణ్ణీ కోర్టులో నిలబెట్టలేదు. అసలు కుట్ర ఉందా, పింకర్టన్ పెద్దది చేశాడా అని చరిత్రకారులు ఈనాటికీ వాదించుకుంటున్నారు.

మన పొడు చేలో మంచె మీద రాత్రంతా కూర్చుని డప్పు కొట్టేవాణ్ణి తలుచుకోండి. పొద్దున చూస్తే చేను చెక్కుచెదరలేదు. పందులు వచ్చి బెదిరిపోయాయా, అసలు రానేలేదా? ఎలా చెబుతాం? పడుకున్నా సరిపోయేదిగా అనేవాడు ఒకడుంటాడు. కాపలా పనిలో ఉన్న కష్టం ఇదేనని నా అభిప్రాయం. బాగా చేస్తే ఏమీ జరగదు, ఏమీ జరగకపోతే నువ్వేం చేశావని అడుగుతారు. పింకర్టన్‌ది ఉత్త భయం కాదని నేను అనుకోవడానికి ఒక కారణం ఉంది. రెండు నెలలు తిరక్కుండా, 1861 ఏప్రిల్ 19న, బాల్టిమోర్లో ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి పోతున్న సైనికుల మీద జనం పడ్డారు. నలుగురు సైనికులు, పన్నెండు మంది ఊరివాళ్ళు చనిపోయారు.

యుద్ధం మొదలయ్యాక పింకర్టన్ మెక్లెల్లన్ అనే సేనాపతి దగ్గర వేగు పని చూశాడు. అందులో అంత మంచి పేరు రాలేదు. శత్రువుల లెక్క ఉన్నదానికంటే చాలా ఎక్కువ చేసి చెప్పేవాడు, ఆ సేనాపతి ముందుకు కదలడానికి జంకేవాడు. ఆయన మనుషుల్లో అందరికన్నా నేర్పరి తిమోతి వెబ్‌స్టర్. శత్రువుల రాజధాని రిచ్‌మండులో జబ్బుపడి కబురు ఆగిపోతే, చూసిరమ్మని పింకర్టన్ ఇద్దర్ని పంపాడు. ఆ ఇద్దర్నీ అక్కడ గుర్తుపట్టారు. వాళ్ళ ద్వారా వెబ్‌స్టర్ బయటపడి, 1862 ఏప్రిల్లో ఉరికంబం ఎక్కాడు.

1865 ఏప్రిల్ 14న లింకన్ నాటకం చూడటానికి వెళ్ళాడు. ఆ రాత్రి కాపలా ఒక సిటీ పోలీసు. కుర్చీ వదిలి ఎటో పోయాడు. బూత్ అనే నటుడు వెనక నుంచి వచ్చి కాల్చాడు. పింకర్టన్ అప్పుడు వాషింగ్టన్‌లో లేడు. అదే ఏడు జులైలో అమెరికాలో సీక్రెట్ సర్వీసు పుట్టింది, కానీ అది దొంగనోట్ల కోసం. ప్రెసిడెంట్లకు కాపలా బాధ్యత 1901లో మెకిన్లీని కూడా చంపేశాకే దానికి అప్పగించారు. మన దేశంలో కూడా 1984లో ఇందిరా గాంధీని సొంత కాపలావాళ్ళే కాల్చాక, 1985లో ఎస్‌పీజీ వచ్చింది. కమాండోల ఎన్‌ఎస్‌జీ పుట్టింది కూడా 1984లోనే.

కమాండో అవుతామనే మనవాళ్ళ కోసం ఒక మాట. ఎన్‌ఎస్‌జీలోకి నేరుగా ఎవర్నీ తీసుకోరు. ముందు మిలటరీలోనో, సీఆర్‌పీఎఫ్, సీఐఎస్‌ఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి దళాల్లోనో చేరి పనిచేస్తే, అక్కడి నుంచి ఏరుకుంటారు. ఆ కేంద్ర దళాల్లో కానిస్టేబుల్ పరీక్షకు టెన్త్ పాసైతే చాలు, ఎస్టీలకు వయసులో 5 ఏళ్ళు, ఎత్తులోనూ సడలింపు ఉంది. పరుగు మనకి వచ్చు. లెక్కలే కూర్చుని చేయాలి.

మళ్ళీ పింకర్టన్ దగ్గరికి వస్తాను, ఇక రాయబోయేది మంచి భాగం కాదు. జెస్సీ జేమ్స్ అనే బందిపోటు కోసం పంపిన ఆయన మనిషిని 1874లో చంపేశారు. పింకర్టన్‌కి పంతం పట్టుకుంది. 1875 జనవరిలో ఆయన మనుషులు రాత్రిపూట జేమ్స్ తల్లి ఇంటిని చుట్టుముట్టి, మండే మందు నింపిన ఇనుప గుండు లోపలికి విసిరారు. అది పొయ్యిలో పడి పేలింది. జెస్సీ ఇంట్లోనే లేడు. చనిపోయింది వాడి తమ్ముడు ఆర్చీ, 8 ఏళ్ళ పిల్లాడు. తల్లికి ఒక చెయ్యి పోయింది. బాల్టిమోర్లో రోజుల తరబడి విని, రెండోచోట కూడా నిజమని తేలాక కదిలిన మనిషే, ఇక్కడ లోపల ఎవరున్నారో సరిగ్గా చూసుకోకుండా చేయించాడు.

పెన్సిల్వేనియా బొగ్గు గనుల్లో ఐరిష్ కూలీల మధ్యకి కూడా తన మనిషిని కూలీ వేషంలో పంపాడు. అతని సాక్ష్యంతో చాలామందిని ఉరితీశారు, మొత్తం 20 మంది. వాళ్ళలో హంతకులు ఉన్నారు, కానీ విచారణ న్యాయంగా జరగలేదని చాలామంది రాశారు. కూలీలకు ఓటు కావాలని గ్లాస్గోలో తిరిగిన కుర్రాడు, గని యజమానుల డబ్బుతో కూలీల మీద నిఘా పెట్టాడు. ఈ రెండు పింకర్టన్‌లు ఒకే మనిషి అంటే నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

1869లో పక్షవాతం వచ్చింది. పట్టుదలగా మళ్ళీ నడక నేర్చుకున్నాడు. 1871లో చికాగో తగలబడినప్పుడు ఆఫీసు కాగితాలు చాలా కాలిపోయాయి. 1884 జులై 1న చనిపోయాడు. కంపెనీని ఇద్దరు కొడుకులు నడిపారు.

కేట్ వార్న్ ఆయనకంటే ముందే, 1868 జనవరిలో జబ్బుచేసి పోయింది. చికాగోలోని గ్రేస్‌లాండ్ శ్మశానంలో తన కుటుంబానికని కొన్న స్థలంలోనే పింకర్టన్ ఆమెను పెట్టించాడు. ఆమె సమాధి రాయి మీద ఇంటిపేరులో చివరి అక్షరం ఒకటి తక్కువగా చెక్కి ఉంది.